కాలి క్రింది మీట

చాలకాలము మూలనుంచిన రేడియోను తీసి, ధ్వనిని పెంచు మీటను త్రిప్పగా గరగరమను చప్పుడు వచ్చుట మన శ్రోతలలో ఎందరికో అనుభవమే. అంతమాత్రమున రేడియో పాడైపోయినదని ఎవరును దానిని పారవేయరు. మీటను నాలుగుమారులు అటునిటు త్రిప్పుదురు. లోపల పేరుకొన్న దుమ్ము తొలగి ధ్వని తేటపడును. బ్యాటరీలు తగులు చోట చిలుము పట్టినచో దానిని గీకివేసి మరల పెట్టుదురు. రేడియో విషయమున మనకు అలవడిన ఈ ఓర్పును, ఇంటిలోని ఎలక్ట్రానిక్ వాద్యము విషయమున మనము చూపుట లేదు. వాద్యము వింతగా పలికినచో దాని గుండెయే ఆగినదని తలచి, వచ్చిన వెలకు అమ్మివేయుటయో, అటకమీదికి ఎక్కించుటయో చేయుచున్నాము. అట్టి వాద్యములకు తరచుగా కలుగు ఒక చిన్న జబ్బును గూర్చి, అనగా కాలితో త్రొక్కు సస్టెయిన్ పెడలు దోషములను గూర్చి, వానిని ఇంటివద్దనే గుర్తించు విధమును గూర్చి ఈ ప్రసంగములో చెప్పదలచితిని.

ఇందుకు ఒక కారణము కలదు. ఒక మాఘమాసమున, కొల్లేటి లంక గ్రామమొకదాని భజన సమాజమువారి పాటలను రికార్డు చేయుటకై మేము ఏలూరు వెళ్ళితిమి. ఫాల్గుణమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి జాతర జరుగును. ఆ జాతరలో పాడుటకు వారు సిద్ధపడుచుండిరి. వారి వాద్యకారుడు ఇరువదియేండ్లు దాటిన యువకుడు. పగలు చేపల చెరువుల వద్ద పని. రాత్రులు భజనలకు, పెండ్లిండ్లకు కీబోర్డు వాయించుట. ఆ కీబోర్డు ఊరివారు చందాలు వేసికొని కొనిన పాత సింథసైజరు. రికార్డింగు ప్రారంభింపగనే అతడు ఒక మెట్టు నొక్కి విడిచెను, స్వరము ఆగలేదు. రెండవది నొక్కెను, మొదటిదానితో కలిసి అదియు మ్రోగుచునే యుండెను. పల్లవి సగమైన తరువాత పాట వినబడలేదు. గది నిండ తేనెటీగల రొదవంటి మ్రోత మాత్రమే వినబడెను.

"బోర్డే పోయిందన్నారండి. బాగు చేయించే కంటే కొత్తది కొనుక్కోమన్నారు. జాతరయ్యాక దీన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేత్తామండి" అని అతడు తలవంచుకొనెను.

పట్టణములోని ఒక మరమ్మతు దుకాణమువారు అట్లు చెప్పిరట. క్రొత్త వాద్యమునకు వలసిన డబ్బు సమాజము వద్ద లేదు. వాద్యము లేనిదే ఆ యువకునికి రాత్రి సంపాదన లేదు. కాని ఆ వాద్యపు బోర్డు చెడలేదని పావుగంటలో తేలినది. అది ఎట్లు తేలినదో తెలియుటకు ముందు, పెడలు చేయు పని యేదో కొంత తెలియవలెను.

మెట్ల వాద్యము మన ఊళ్ళకు మొదట హార్మోనియము రూపమున వచ్చినది. నాటకములకును, భజనలకును చిరకాలము అదియే ఆధారము. ఆలిండియా రేడియో మాత్రము 1940 లో దానిని తన కార్యక్రమములనుండి వెలివేసి, 1971 లో గాని ఆ నిషేధమును సడలింపలేదు. మన సంగీతమునకు ప్రాణమైన గమకములను అది పలుకజాలదనుట దానిపై మోపిన ప్రధానమైన నేరము. హార్మోనియములో గాలి లోహపు నాలుకలను కదలించి స్వరము పుట్టించును. మెట్టుమీది వ్రేలు తీయగనే గాలి దారి మూతపడును, స్వరము ఆగును. కాలితో త్రొక్కు పెద్ద హార్మోనియములకు పెడళ్ళు ఉన్నను, అవి గాలిని ఊదుటకే గాని స్వరమును నిలుపుటకు కాదు.

పియానో సంగతి వేరు. అందు మెట్టు నొక్కగా ఒక చిన్న సుత్తి తీగను కొట్టును. వ్రేలు తీయగనే డాంపరు అను మెత్తని ఉన్ని దిండు తీగపై వ్రాలి, దాని కదలికను అణచును. కుడిపాదముతో పెడలును త్రొక్కినచో ఆ దిండ్లన్నియు ఒక్కమారుగా పైకి లేచును. అప్పుడు వ్రేళ్ళు తీసినను తీగలు తమంతట తాము చల్లారువరకు మ్రోగుచుండును. పాదమెత్తగనే దిండ్లు మరల వ్రాలును.

ఎలక్ట్రానిక్ వాద్యములో తీగలు లేవు, దిండ్లు లేవు. అందు పెడలు సామాన్యముగా ఒక స్విచ్చి మాత్రమే. వాద్యము వెనుకనున్న పెడలు సాకెట్టులో ఒక స్పర్శస్థానమునకు లోపలినుండి స్వల్పమైన వోల్టేజి అందుచుండును. పెడలులోని రేకులు కలిసినచో ఆ వోల్టేజి సున్నకు దిగును. విడిపోయినచో మరల పైకి లేచును. ఈ రెండు స్థితులను చూచి, పాదము క్రిందనున్నదో పైనున్నదో లోపలి ప్రాసెసరు గ్రహించును. స్వరమును నిలుపుట, ఆపుట అను పని యంతయు దానిదే. స్వరము పెడలుగుండ ప్రవహింపదు. పెడలు ఒక వార్తను మాత్రమే అందించును. ఈ సంగతిని గుర్తుంచుకొన్నచో సగము భయము తీరును.

స్విచ్చులలో రెండు జాతులు కలవు. రెండును మన యిండ్లలోనే యున్నవి. వీధి తలుపు వద్దనుండు కాలింగు బెల్లు మీట మొదటి జాతిది. ఊరక యున్నంతసేపు లోపలి రేకులు విడివిడిగా ఉండును. నొక్కినప్పుడే కలిసి గంట మ్రోగును. ఫ్రిజ్జు తలుపు అంచుననుండు మీట రెండవ జాతిది. తలుపు మూసి దానిని నొక్కినప్పుడు రేకులు విడిపోయి లోపలి దీపము ఆరును. తలుపు తెరచినప్పుడు కలిసి దీపము వెలుగును. సస్టెయిన్ పెడళ్ళును ఈ రెండు విధములుగా తయారగుచున్నవి. ఈ విషయమున వాద్యములు చేయు కంపెనీలన్నియు ఒక్క మాటమీద లేవు. చూచుటకు రెండు జాతుల పెడళ్ళును ఒక్కటే. వాని ప్లగ్గులును ఒక్కటే. ఒక జాతి పెడలును రెండవ జాతికి అలవాటుపడిన వాద్యమునకు తగిలించినచో వ్యవహారము తలక్రిందగును. పాదము తీసినప్పుడు స్వరములు నిలుచును, త్రొక్కినప్పుడు ఆగును.

ఇక ఏలూరు గదిలో జరిగినది చెప్పెదను. మొదట వాద్యమును ఆపి, పెడలు ప్లగ్గును పూర్తిగా ఊడదీసి, మరల వాద్యమును నడిపితిమి. పియానో స్వరమును ఎన్నుకొని ఒక మెట్టు నొక్కి విడువగా స్వరము చక్కగా ఆగినది. కావున స్వరములను పట్టుకొని విడువకుండుట వాద్యము తనంతట తాను చేయుచున్న పని కాదు. తరువాత, గిటారునకు వాడునట్టి మామూలు తీగ యొకటి మా సామగ్రిలో నుండగా, దాని ఒక చివరను పెడలు సాకెట్టులో పెట్టితిమి. రెండవ చివర ప్లగ్గు కొనను, దాని కాడను ఒక కాగితపు క్లిప్పుతో కలిపితిమి. అప్పుడు మెట్టు నొక్కి విడువగా స్వరము నిలిచినది. క్లిప్పు తీయగా ఆగినది. సాకెట్టు, బోర్డు, లోపలి ప్రాసెసరు అన్నియు ఆరోగ్యముగా ఉన్నవనుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు. కాలింగు బెల్లు జాతి పెడలే ఆ వాద్యమునకు తగినదని కూడ దీనివలన తెలిసినది.

"ఈ పెడలు ఎక్కడిది బాబూ?" అని అడిగితిని. అప్పుడు అసలు సంగతి బయటపడినది. వాద్యముతో వచ్చిన పెడలు వానకాలము వెళ్ళిన తరువాత పనిచేయుట మానినదట. దానిని త్రొక్కినను స్వరము నిలువలేదు. తాడేపల్లిగూడెములో ఒక బ్యాండు మేళమువారి వద్ద పాత పెడలును కొనితెచ్చి తగిలింపగా, త్రొక్కకయే స్వరములు నిలిచిపోవ నారంభించినవి. దుకాణమువారికి రెండు పెడళ్ళను చూపిరి. ఒకదానితో స్వరము నిలువదు, రెండవదానితో ఆగదు. రెండు పెడళ్ళును ఒక్కమారే చెడిపోవునా యని వారు బోర్డును శంకించిరి. అట్లు శంకించుట సహజమే. కాని అందు ఒక మెట్టు తప్పినది. పెడళ్ళను వాద్యమునుండి వేరుచేసి, దేనికది విడిగా పరీక్షింపలేదు.

మల్టీమీటరుతో చూడగా రెండవ పెడలు నిక్షేపముగా ఉన్నది. అయితే అది ఫ్రిజ్జు జాతిది. మొదటి పెడలు సరియైన జాతిదే. అయితే ప్లగ్గు లోనికి తీగ ప్రవేశించుచోట లోపలి రాగి పోగులు తెగినవి. తీగను కదపగా మీటరు ఒకమారు పలుకును, ఒకమారు పలుకదు. ప్లగ్గునకు కొంచెము ఎగువగా తీగను కోసి, క్రొత్త ప్లగ్గును సోల్డరింగు చేయగా పెడలు బాగుపడినది. ఒక తెగిన తీగయు, ఒక జాతి తప్పిన పెడలును కలిసి, లేని పెద్ద జబ్బును కల్పించినవి. ఆ సాయంకాలమే రికార్డింగు పూర్తి చేసితిమి.

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు గృహస్థులు అనుసరింపదగిన క్రమమును ఇప్పుడు వివరించెదను. మొదటి పరీక్ష మేము చేసినదే: వాద్యమును ఆపి, పెడలును ఊడదీసి, మరల నడుపుట. పెడలు లేకున్నను స్వరములు నిలిచిపోవుచున్నచో రెండు సంగతులు చూడవలెను. ముందుగా, ఎన్నుకొన్న స్వరము ఎట్టిదో చూడుడు. కొన్ని వాద్యములలో స్వరము సహజముగనే చాలసేపు సాగునట్లు అమర్చి యుండును; ముఖఫలకముమీద సస్టెయిన్ అను బొత్తాము ఉండి, అది ఎవరి చేతనో నొక్కబడియుండవచ్చును. ఆ రెండును కారణము కానిచో, దోషము లోపలి సాకెట్టులోనో బోర్డులోనో ఉన్నదని తలచి, తెలిసినవారికి చూపవలెను. పెడలు ఊడదీయగనే చిక్కు తొలగినచో వాద్యమును శంకింపకుడు. పెడలును, తీగను చూడుడు.

పెడలు తలక్రిందుగా పనిచేయుచున్నచో, దానిని చెడినదని ఎంచకుడు. కొన్ని వాద్యములు, నడుపుట ప్రారంభించిన క్షణమున పెడలు ఏ స్థితిలో నున్నదో చూచి, అదియే పాదము తీసియున్న స్థితి యని నిర్ణయించుకొనును. ఆ క్షణమున పాదము పెడలుమీద ఉన్నను, పెడలు స్టాండు కాలి క్రింద నలిగియున్నను, వాద్యము మోసపోవును. కాలు తీసి, వాద్యమును ఆపి మరల నడిపినచో సరిపడును. ఇంటిలో చక్కగా పలికిన వాద్యము వేదికమీద తిరుగబడుటకు తరచుగా ఇదియే కారణము. మరికొన్ని పెడళ్ళకు అడుగుభాగమున జాతిని మార్చు చిన్న మీట ఉండును. దానిని ప్రక్కకు జరిపిన చాలును. పాత వాద్యములలో అనేకమునకు ఈ తెలివి లేదు. వానికి తగిన జాతి పెడలునే కొనవలెను.

ఇక్కడ ఒక పొరపాటును గూర్చి హెచ్చరింపవలసి యున్నది. ప్లగ్గులోని రెండు తీగలను ఒకదాని స్థానమున మరియొకదానిని కలిపినచో పెడలు జాతి మారునని కొందరు నమ్ముదురు. అది నిజము కాదు. స్విచ్చికి ముందు వెనుకలు లేవు. తీగలను ఎటు కలిపినను, విడిగా ఉండవలసిన రేకులు విడిగానే ఉండును. జాతి మారవలెనన్న, పెడలు లోపల మూడు కొనలున్న స్విచ్చి ఉండవలెను. ఆ మూడింటిలో ఒకటి ఉమ్మడి కొన. మిగిలిన రెండింటిలో ఒకటి ఊరకున్నప్పుడు కలిసియుండునది, ఒకటి నొక్కినప్పుడు కలియునది. తీగను ఈ రెండింటిలో ఒకదానినుండి రెండవదానికి మార్చినప్పుడే జాతి మారును.

పెడలు ఒకమారు పనిచేసి, ఒకమారు చేయకున్నచో తీగనో, చిలుమునో అనుమానింపవలెను. పెడలును త్రొక్కిపట్టి, తీగను ప్లగ్గు వద్దను, పెడలు వద్దను మెల్లగా వంచి చూడుడు. వంచినప్పుడు స్వరము తెగిపోవుచున్నచో తీగ తెగినదని అర్థము. పాదము తగిలి తీగ లాగబడుట నిత్యము జరుగునదే గనుక, ఈ రెండు చోట్లనే అది ముందుగా తెగును. తీగ బాగున్నచో ప్లగ్గును శుభ్రమైన గుడ్డతో తుడిచి, సాకెట్టులో నాలుగైదుమారులు దూర్చి తీయుడు. రేడియో మీటను అటునిటు త్రిప్పుట వంటిదే ఈ పనియు. అప్పటికిని మారనిచో, ఎలక్ట్రానిక్ దుకాణములలో దొరకు కాంటాక్టు క్లీనరును ప్లగ్గుమీద కొద్దిగా చల్లి, వాద్యము ఆపియున్నప్పుడు దూర్చి తీసి, పూర్తిగా ఆరిన తరువాతనే నడుపవలెను. కొబ్బరినూనె, కిరోసిను మొదలగువానిని వాడరాదు. నూనె దుమ్మును పట్టి, నెలలోపల చిక్కును రెట్టింపు చేయును.

మల్టీమీటరు ఉన్నవారు మరింత నిశ్చయముగా చెప్పగలరు. మీటరును ఓములమీద పెట్టి, ఒక కొనను ప్లగ్గు మొనకును, ఒకదానిని దాని కాడకును తాకింపుడు. ఆరోగ్యముగా ఉన్న పెడలు ఒక స్థితిలో సున్నకు చేరువగాను, రెండవ స్థితిలో అనంతముగాను చూపును. రెండు స్థితులలోను అనంతమే చూపినచో తీగ తెగినది. రెండింటను సున్నయే చూపినచో రేకులు అంటుకొనినవి, లేదా తీగలు లోపల ఒకదానికొకటి తగిలినవి. సున్నకు రాక, వందలలో వేలలో తారాడుచున్నచో రేకులకు చిలుము పట్టినది.

సాకెట్టులను గూర్చియు ఒక మాట. హెడ్‌ఫోను సాకెట్టును, పెడలు సాకెట్టును చూచుటకు ఒక్కటిగనే ఉండవచ్చును. పెడలును హెడ్‌ఫోను సాకెట్టులో పెట్టరాదు. కాగితపు క్లిప్పు పరీక్షను పెడలు సాకెట్టునందు తప్ప ఎచ్చటను చేయరాదు. ధ్వనిని మెల్లమెల్లగా పెంచి తగ్గించు ఎక్స్‌ప్రెషన్ పెడలు వేరు. దానిలోనిది స్విచ్చి కాదు, రేడియో ధ్వనిమీట వంటి సాధనము. దానిని సస్టెయిన్ సాకెట్టునకు తగిలించినచో వాద్యము తికమకపడును.

ఇంతవరకు ఒంటరి వాద్యము సంగతి. నేటి మేళములలో ఒక కీబోర్డును మరియొకదానికో, కంప్యూటరుకో కలిపి వాయించుట సాధారణమైనది. అట్లు కలుపు పద్ధతికి మిడి అని పేరు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యపరికరముల ప్రదర్శనలో, వేర్వేరు కంపెనీలు చేసిన రెండు సింథసైజర్లను తీగతో కలిపి, ఒకదానిపై వాయించి రెండవదానిని పలికించి చూపిరి. ఈ పద్ధతిని ప్రవేశపెట్టుటలో ముందుండిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి అను వారికి 2013 లో సాంకేతిక గ్రామీ పురస్కారము లభించినది.

మిడి తీగలో ధ్వని ప్రవహింపదు. పూర్వపు తంతి వార్తల వలె అంకెలు మాత్రమే ప్రవహించును. ఏ మెట్టు నొక్కబడినది, ఎంత బలముగా నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను వార్తలే అవి. పెడలునకును ఒక వార్త కలదు. దాని సంఖ్య 64. ఆ సంఖ్యవెంట 0 మొదలు 63 వరకు ఏ విలువ వచ్చినను పాదము పైనున్నదనియు, 64 మొదలు 127 వరకు ఏది వచ్చినను పాదము క్రిందనున్నదనియు అర్థము. మామూలు స్విచ్చి పెడళ్ళు త్రొక్కినప్పుడు 127 ను, విడిచినప్పుడు 0 ను పంపును.

మన డెల్టాలో కాలువ లాకులవద్ద పనిచేయు లస్కరును తలచుకొనుడు. తలుపు ఎత్తుమను వార్త అతనికి అందినది. దించుమను వార్త దారిలో తప్పిపోయినది. అతని దోషము ఏమియు లేకయే నీరు పారుచునే యుండును. పెడలు త్రొక్కియుండగా ఎవరైన మిడి తీగను ఊడదీసినచో జరుగునది ఇదియే. పాదము ఎత్తినట్లు రెండవ వాద్యమునకు తెలియదు, స్వరములు నిలిచియుండును. దీనికి చికిత్స సులభము. తీగను మరల తగిలించి, పెడలును ఒక్కమారు త్రొక్కి విడువుడు. క్రొత్త వార్త వెళ్ళి స్వరములు ఆగును. ఆగనిచో రెండవ వాద్యమును ఆపి నడుపుడు.

మిడి తీగ ఒక్కదానిలో 16 ఛానళ్ళు కలవు. మెట్లవార్తలు ఒక ఛానలులోను, పెడలు వార్త మరియొకదానిలోను పోవునట్లు అమరినచో, ఒక్క వాద్యము బాగుగా పలుకుచునే పెడలు మాత్రము పనిచేయనట్లు కనబడును. స్వీకరించు వాద్యములో పెడలు వార్తను వడకట్టు ఏర్పాటు ఉన్నను అంతే. వాద్యమును కంప్యూటరునకు కలిపి, వచ్చుచున్న మిడి వార్తలను చూపు ప్రోగ్రామును తెరచి, పెడలును త్రొక్కి చూడుడు. 64 అను సంఖ్య కనబడినచో పంపు వాద్యము నిర్దోషి, వినుచున్నదానిని పరీక్షింపవలెను. కనబడనిచో పెడలు వద్దకే మరల రావలెను.

పెడలు బాగుండియు స్వరములు నడుమ తెగిపోవుటకు మరియొక కారణము కలదు. పాత సింథసైజర్లు ఒక్కమారుగా పలుకగల స్వరముల సంఖ్య పరిమితము. 1983 లో వచ్చి జగత్ప్రసిద్ధమైన యమహా డి.ఎక్స్.7 సైతము 16 స్వరములను మాత్రమే ఒక్కసారి పలుకగలదు. కొల్లేటిలోని తాటిదోనెలో ఇంతమందికే చోటు. నిండిన దోనెలోనికి మరియొకరు ఎక్కవలెనన్న ఒకరు దిగక తప్పదు. పెడలును త్రొక్కిపట్టి స్వరమువెంట స్వరము వాయించినచో, పాత స్వరములు దిగిపోయి క్రొత్తవానికి చోటిచ్చును. అది దోషము కాదు, వాద్యము హద్దు. పాదమును మధ్యమధ్య ఎత్తుటయే దానికి మందు.

హార్మోనియమునుండి కీబోర్డునకు వచ్చిన మనవారికి ఈ ఎత్తుట కొంచెము కష్టము. చేతుల చదువు ఉన్నది గాని పాదమునకు చదువు లేదు. పెడలు క్రిందనే యుండగా రాగములోని స్వరములు ఒకదానిమీద నొకటి పడి, పలుకు చెదరును. మన పాటకు పెడలు ఉప్పు వంటిది. చరణాంతమున స్వరమును నిలుపుటకును, పాటవెనుక గుమికూడు స్వరములను కలుపుటకును కొద్దిగా వాడిన చాలును. వాద్యముమీద మోపుచున్న నిందలలో కొన్ని నిజమునకు పాదమువే.

చివరగా సంరక్షణను గూర్చి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఒక పల్లము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు అందు నిలిచి, ఉప్పుటేరు దారిని సముద్రమునకు పోవును. లంక గ్రామముల చుట్టును నీరు, గాలిలో చెమ్మ. ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములును కాలువల దేశములోనివే. ఇట్టి గాలిలో లోహమునకు చిలుము త్వరగా పట్టును. కావున పెడలును నేలమీద వదలక, పని తీరగనే తుడిచి పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుడు. మందుల సీసాలలో వచ్చు తేమ పీల్చు చిన్న సంచులను ఆ డబ్బాలో వేయుడు. తీగను బిగించి చుట్టక, వెడల్పయిన చుట్లుగా చుట్టుడు. వానకాలములో వాద్యమును వారమునకు ఒకమారైన కొంతసేపు నడుపుట మంచిది. భజన మందిరములలో సాంబ్రాణి పొగయు, హారతి మసియు సాకెట్టులలో చేరకుండ గుడ్డ కప్పవలెను.

వాద్యమును విప్పవలసి వచ్చినచో అది తెలిసినవారి పని. కాళ్ళ తాకిడికి సాకెట్టు క్రింది సోల్డరింగు పగులుట పాత వాద్యములలో సాధారణము. తెలిసినవాడు దానిని కొద్దిసేపటిలో సరిచేయగలడు. గోడ కరెంటు నేరుగా లోనికి వచ్చు వాద్యములను ఇంటిలో విప్పరాదు. లోపల చిన్న బ్యాటరీ ఉన్నచో, దానిని తీయగనే మనము దాచుకొన్న స్వరముల అమరికలు తుడిచిపెట్టుకొనిపోవును. వానిని ముందుగా వ్రాసియుంచుకొనవలెను. మరమ్మతువానివద్దకు పోవునప్పుడు మనము చేసిన పరీక్షలను, వాని ఫలితములను కాగితముమీద వ్రాసి తీసికొనిపోవుడు. పెడలు ఊడదీసిన నిలువలేదు, క్లిప్పుతో కలిపిన నిలిచినది అను రెండు వాక్యములు చాలును. బోర్డు పోయినదని చెప్పువానికి అవి ప్రశ్నలగును, శ్రద్ధగా చూచువానికి దారి చూపును.

ఆ సంవత్సరము జాతరకు ఆ పాత సింథసైజరే వెళ్ళినది. తాడేపల్లిగూడెమునుండి కొనితెచ్చిన పెడలును గూడ పారవేయలేదు. అడుగు పలకను విప్పి చూడగా లోపల మూడు కొనల స్విచ్చియే యున్నది. ఒక్క తీగను ఒక కొననుండి మరియొక కొనకు మార్చుటతో అది కాలింగు బెల్లు జాతిలో చేరినది. ఆ యువకుని సంచిలో ఇప్పుడు రెండు పెడళ్ళు ఉన్నవి. ఒకటి మొరాయించినచో రెండవదానిని తగిలించి చూచి, తప్పు ఎచ్చటనున్నదో తానే చెప్పగలడు.